ఖాళీ చెంబుతో అమ్మ ఎదురొచ్చిన ఆట

మా అమ్మకి అమెరికాలో నచ్చింది ఒక్కటే, తలుపుకున్న కన్నం.

రోడ్లు చూపించాను, ‘ఊఁ’ అంది. సూపర్ మార్కెట్‌కి తీసుకెళ్ళాను, ‘పాలు పాలేగా, మళ్ళీ ఇన్ని రకాలెందుకే’ అంది. మా అపార్ట్‌మెంట్ తలుపుకి కంటి ఎత్తున ఒక గుండ్రటి అద్దపు బిళ్ళ ఉండేది. దాని ముందు మాత్రం మునివేళ్ళ మీద నిలబడి, ఓ కన్ను మూసి, బయట మెట్ల దాకా పరకాయించి చూసి, ‘ఎంత తెలివిగలవాళ్ళే వీళ్ళు!’ అని మురిసిపోయింది. ఈ సదుపాయం మా ఊళ్ళో ఉండుంటే తన బతుకు ఎంత సుఖంగా వెళ్ళిపోయేదో అని కూడా అంది.

ఎందుకో చెబుతాను. నాన్న పోయేటప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. ఆ రోజు నుంచీ అమ్మ ఎవరికీ ఎదురు రాలేదు. ఎవరైనా పని మీద గడప దాటుతున్నారంటే చాలు, తను వెనకగదిలోకి తప్పుకునేది. ఎవరూ తప్పుకోమనకముందే తప్పుకునేది, అదీ నా కడుపుమంట. నేను పరీక్షకి బయల్దేరితే పక్కింటావిణ్ణి బతిమాలి, నిండు బిందెతో నాకు ఎదురు రమ్మనేది. ఆవిడ ముత్తైదువ కాబట్టి ఆ ఉద్యోగం ఆవిడది. మొహం మాత్రం ఎప్పుడూ చింతపండు నమిలినట్టుండేది. ఆవిడ ఎదురొచ్చిన మొదటిసారే నాకు ఫిజిక్స్ పోయింది. అయినా ఆవిడ ఉద్యోగం ఊడలేదు. చివరికి నా పెళ్ళిలో కూడా అమ్మ వంటగదిలో కూర్చుని బాజాలు వింది గానీ పందిట్లోకి రాలేదు. అప్పటి నుంచీ శకునాల మాటెత్తితే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఇదంతా ఎనభైల మొదట్లో సంగతి. మొక్కజొన్న చేల నడుమ ఒక యూనివర్సిటీ ఊళ్ళో నేనూ మా ఆయనా చదువుకుంటున్నాం. ఆయనది కెమిస్ట్రీ, నాది స్టాటిస్టిక్స్. ఆ డిసెంబర్లో నా పీహెచ్‌డీ డిఫెన్స్. అంటే ప్రొఫెసర్లందరూ ఒక గదిలో కూర్చుని, ఇన్నేళ్ళుగా నేను చేసినదాన్ని తలో రాయీ వేసి చూస్తారన్నమాట. అందులో పాసయ్యానని ముందే చెప్పేస్తున్నాను, దాని గురించి మీకు గుండెదడ అక్కర్లేదు. నా దడ వేరే ఉంది.

‘నా కూతురు డాక్టరవుతుంటే కళ్ళారా చూడాలి’ అని అమ్మ వచ్చింది. మొదట ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో అన్నయ్య ఇంట్లో దిగి, వేసవి చివర్లో మా దగ్గరికి వచ్చింది. వచ్చిన మర్నాడే కాఫీ తాగుతూ చెప్పింది.

‘ఆ పరీక్ష రోజున నువ్వు బయల్దేరే వేళకి నేను బాత్రూంలో గడియ పెట్టుకుంటాను. నువ్వు వెళ్ళాక తలుపు కొట్టమని ఆయనకి చెప్పు.’

‘ఆయన’ అంటే మా ఆయన. ఎదురు కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. అయినా అల్లుడితో అత్తగారు నేరుగా మాట్లాడదు. ‘ఆయన్ని భోజనానికి లేవమను’, ‘ఆయనకి మజ్జిగ కావాలేమో అడుగు’, ఇదీ వరస. మధ్యలో నేనో పోస్టాఫీసుని.

నేను గయ్యిమని లేచాను. ‘ఇంత దూరం విమానమెక్కి వచ్చింది బాత్రూంలో కూర్చోడానికా? నువ్వు గుమ్మంలో నిలబడితే తప్ప నేను వెళ్ళను.’

‘వెళ్ళకపోతే డిగ్రీ ఇవ్వరుగా, వెళ్తావులే’ అంది, కాఫీ ఊదుకుంటూ.

‘నాకు శకునాల మీద నమ్మకం లేదమ్మా!’

‘నీకు లేదు సరే. నాకుందిగా. జరగరానిది జరిగితే ఆ పాపం మొయ్యాల్సింది నేను.’

మా అమ్మతో వాదించి నెగ్గినవాళ్ళు మా వంశంలో లేరు. కానీ నేనూ ఆవిడ కూతుర్నే. ఆ రోజున అమ్మ మొహం చూసి బయల్దేరాలని పంతం పట్టాను. డిగ్రీ కంటే ఆ కోరికే ఎక్కువైపోయింది నాకు.

ఇక పైవాటా సంగతి. మా పైన యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీంలో ఆడే ఒక అబ్బాయి ఉండేవాడు. కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత పట్టుకుని పరిగెత్తే అమెరికావాళ్ళ ఫుట్‌బాల్. దక్షిణాది రాష్ట్రం నుంచి వచ్చినవాడు. మనిషి బీరువా అంత ఉండేవాడు. వాడు మెట్లు దిగుతుంటే మా వంటింట్లో గిన్నెలు మోగేవి. అంత మనిషికీ బంతి ముట్టుకునే యోగం లేదు. వరసలో ముందు నిలబడి, మీదికొచ్చినవాణ్ణి వచ్చినట్టు తోసెయ్యడమే వాడి పని. అమ్మ వాణ్ణి ‘పైపిల్లాడు’ అనేది. శనివారం వస్తే ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉండేది, లాండ్రీ దగ్గర్నుంచి బ్యాంకు దాకా ఎక్కడా మనిషి దొరికేవాడు కాదు. ఆ ఏడు మాత్రం మా టీం మొదటి నుంచీ వరసగా ఓడుతోంది. ఓడినప్పుడల్లా మా ఆయన అన్నం సరిగ్గా తినేవాడు కాదు. నేను జ్వరంతో పడుకున్నా ఆ మనిషి అంత బెంగ పెట్టుకోలేదు.

అమ్మ ఒక కాఫీ డబ్బాలో తులసి వేసింది. మా వాటాలో ఎండ లేదని, బయట మెట్ల మలుపులో కిటికీ దగ్గర పెట్టింది. రోజూ పొద్దున్నే కన్నంలోంచి చూసి, ఎవరూ బయల్దేరడం లేదని రూఢి చేసుకుని, చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి పోసొచ్చేది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే ఆ కన్నంలోంచి మెట్లు కనిపిస్తాయి గానీ పైవాటా తలుపు కనబడదు.

సెప్టెంబర్ చివర్లో ఒక శనివారం. అమ్మ నీళ్ళు పోసి ఖాళీ చెంబుతో ఇటు తిరిగిందో లేదో, పైనుంచి వాడు భుజాన సంచీతో దూకుతూ వచ్చిపడ్డాడు. గుద్దుకోబోయి, రెండు చేతులా అమ్మ భుజాలు పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నాడు. చెంబు ఎగిరి మెట్ల మీద దొర్లింది. ఆ చప్పుడుకి నేను తలుపు తీసేసరికి అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

‘కొంప ముంచానే తల్లీ! పిల్లాడు ఆటకి బయల్దేరితే నేను ఎదురొచ్చాను. మూలిగే నక్క మీద తాటిపండన్నట్టు ఖాళీ చెంబొకటి!’

దీనికి విరుగుడు మా వైపు అందరికీ తెలిసిందే. బయల్దేరినవాడు వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. అమ్మ వాడి చొక్కా పట్టుకుని మా ఇంట్లోకి లాక్కొచ్చింది. ఆవిడ తల వాడి మోచెయ్యి దగ్గరికొస్తుందంతే. వాడు బిక్కమొహం వేసుకుని నా వంక చూశాడు. నేను నైటీలో, జుట్టు విరబోసుకుని, దయ్యంలా ఉన్నాను.

‘మా అమ్మ నిన్ను కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళమంటోంది’ అన్నాను ఇంగ్లీషులో.

వాడు ఎందుకని అడగలేదు. కన్నతల్లి ఎవరో గానీ బాగా పెంచింది. ‘యెస్ మేమ్’ అని సోఫాలో కూర్చున్నాడు. సోఫా కిర్రుమంది. అమ్మ గ్లాసు నింపింది, వాడు తాగాడు. మళ్ళీ నింపింది, మళ్ళీ తాగాడు. దోషం పెద్దది కదా, విరుగుడు కూడా దానికి తగ్గట్టే ఉండాలని అమ్మ లెక్క. జగ్గు ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. వాడు నోరు తుడుచుకుని, థాంక్స్ చెప్పి, పరిగెత్తాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ అన్నం ముట్టలేదు. మా ఆయన రేడియో దగ్గర కూర్చుని కామెంటరీ వింటున్నాడు. అమ్మ జపమాల తిప్పుతూ గుమ్మం పక్కన నిలబడింది. నిలబడి నిలబడి, ఇక ఉండబట్టలేక, ‘ఏమైంది బాబూ? పిల్లాడికేం కాలేదు కదా?’ అంది.

మా ఆయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. పెళ్ళయ్యాక అత్తగారు ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. ‘లేదండీ... మనవాళ్ళు గెలుస్తున్నారండీ’ అన్నాడు తడబడుతూ. ఆ సాయంత్రం నిజంగానే గెలిచారు. ఊరంతా కారు హారన్లు మోగాయి. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని, ‘మంచినీళ్ళ మహిమ’ అంది.

పైపిల్లాడి లెక్క వేరు. తర్వాతి శనివారం పొద్దున్నే తలుపు కొట్టాడు. ఆటగాళ్ళని మించిన శకునాల పిచ్చివాళ్ళు లోకంలో లేరని నాకు అప్పుడు తెలిసింది. ఎడమ బూటే ముందు వేసుకుంటాడట. గెలిచిన రోజు మేజోళ్ళు ఓడేదాకా ఉతకడట, ఆ సంగతి చెప్పకముందే మాకు తెలిసింది. పోయినవారం ఏం జరిగిందో అదంతా అచ్చంగా మళ్ళీ జరగాలన్నాడు. మేమ్, అంటే మా అమ్మ, మెట్ల మలుపులో ఉండాలి, చేతిలో ఆ ఇత్తడి పాత్ర ఉండాలి, అది ఖాళీగా ఉండాలి, తను పైనుంచి పరిగెత్తుకు రావాలి.

నేను అమ్మకి చెప్పాను. అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ‘వాడికి తెలియదు పాపం. నేను మంచి ఎదురు కాదని చెప్పవే. ఎందుకో కూడా చెప్పు.’

ఆ మాట ఇంగ్లీషులోకి తిప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మ గుచ్చి గుచ్చి చూస్తుంటే ఎలాగో చెప్పాను. భర్త పోయినవాళ్ళు ఎదురొస్తే మంచిది కాదని ఆవిడ నమ్మకం అన్నాను. వాడు కనుబొమలు ముడిచాడు. తర్వాత అన్నాడు, ‘మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. స్కూల్లో ఉన్నన్నాళ్ళూ ఏ ఆటకెళ్ళినా మా అమ్మ వాకిట్లో నిలబడేది. ఆవిడ మొహం చూడకుండా ఒక్కసారీ వెళ్ళలేదు. ఇక్కడికొచ్చాకే ఎవరూ లేరు.’

నేను తెలుగులో చెప్పాను.

‘వాళ్ళమ్మకీ లేడటే?’ అంది అమ్మ. ‘అయినా వాకిట్లో నిలబడుతుందటే?’ అంది మళ్ళీ. వాణ్ణి ఎగాదిగా చూసింది. చివరికి లోపలికెళ్ళి చెంబు తెచ్చుకుంది. ‘ఎదురొస్తాను గానీ విరుగుడు మాత్రం మాననని చెప్పు. నీళ్ళు తాగి కదలాలి.’

ఆ శనివారం కూడా గెలిచారు. ఆ పై శనివారమూ గెలిచారు. వేరే ఊళ్ళో ఆట ఉంటే శుక్రవారమే బస్సెక్కాలి కాబట్టి, శుక్రవారం పొద్దున్నే మా మెట్ల మీద ఈ తతంగం జరిగేది. గెలిపిస్తున్నది ఎదురా, మంచినీళ్ళా అని ఇంట్లో రోజూ చర్చ. అమ్మ నీళ్ళంటుంది, మా ఆయన ఎదురంటాడు. ఆయన కెమిస్ట్రీ ఏ గంగలో కలిసిందో గానీ, మొదటి గెలుపు రోజు కట్టుకున్న లుంగీనే ప్రతి శనివారం కట్టేవాడు. దాన్ని ఉతకనివ్వలేదు. చదవేస్తే ఉన్నమతి పోవడమంటే ఇదే! పైన మేజోళ్ళు, కింద లుంగీ, మధ్యలో ముక్కు మూసుకుని నేను.

‘దీన్ని కాకతాళీయం అంటారు’ అని ఇద్దరికీ చెప్పి చూశాను. ‘కాకి వాలింది, అదే క్షణంలో తాటిపండు పడింది. కాకి వల్ల పడలేదు. నేను చదువుతున్న శాస్త్రమంతా ఇదే.’

‘ప్రతి శనివారమూ అదే కాకి, అదే చెట్టూనా?’ అంది అమ్మ.

నా ప్రొఫెసర్లలో ఒక్కరు కూడా అంత ఇబ్బందికరమైన ప్రశ్న అడగలేదు తర్వాత.

కానీ నాకు లోపల్లోపల ఒక సంతోషం మొదలైంది. అమ్మలో మార్పు కనిపిస్తోంది. కన్నంలోంచి చూడ్డం తగ్గించింది. పోస్టాయన వస్తే చటుక్కున తలుపు తీసేది. ఒకరోజు నేను లైబ్రరీకి వెళ్తుంటే పరధ్యానంగా గుమ్మం దాకా వచ్చి, నాలిక్కరుచుకుని వెనక్కెళ్ళింది. పరధ్యానంగానైనా వచ్చింది కదా అనుకున్నాను. ఇదే సందని అడిగేశాను.

‘వాడికి వస్తున్నావు, నాకు రావా? కన్నకూతురి కంటే పైపిల్లాడెక్కువా?’

అమ్మ బెండకాయలు తరుగుతోంది. కత్తిపీట ఆపింది. ‘నవంబర్ చివర ఏదో పెద్ద ఆట ఉందిటగా. పక్క రాష్ట్రంవాళ్ళతో. ఆయనే చెప్పారు. అది కూడా గెలిస్తే నీ పరీక్షకి గుమ్మంలోకొస్తా. గెలవకపోతే బాత్రూమే. మళ్ళీ నన్ను సతాయించకూడదు.’

ఒప్పుకున్నాను. ఫుట్‌బాల్ అంటే పడనిదాన్ని, శకునాలంటే మండిపడేదాన్ని, ఆ క్షణం నుంచి ఆ టీం గెలవాలని రాములవారికి మొక్కుకున్నాను. పక్క రాష్ట్రంవాళ్ళు చాలా ఏళ్ళుగా మా చేతిలో ఓడలేదని తెలిశాక ఆంజనేయస్వామికి కూడా మొక్కాను. మా ఆయన లుంగీ పొరపాటున బట్టల్లో కలిసిపోతే లాండ్రీ మెషిన్లోంచి నేనే బయటికి లాగాను. ఎవరికీ చెప్పకండి.

ఆటగాళ్ళ ఇంటివాళ్ళకి టికెట్లిస్తారు. పైపిల్లాడి వాళ్ళమ్మకి పని మానుకుని అంత దూరం రావడం కుదరలేదు. ఆ టికెట్లు మాకు తెచ్చిచ్చాడు. ‘మేమ్ ఇంటి మనిషేగా’ అన్నాడు. ఆ పొద్దున కూడా మెట్ల మలుపులో అమ్మ నిలబడింది, చెంబు ఖాళీగా ఉంది, వాడు దూకుతూ వచ్చాడు, జగ్గుడు నీళ్ళు తాగాడు. అంతా శాస్త్రోక్తంగా జరిగింది.

స్టేడియానికి అమ్మ నేతచీర మీద అన్నయ్య కోటు, నెత్తిన కోతిటోపీ, కాళ్ళకి మేజోళ్ళ మీద హవాయి చెప్పులతో వచ్చింది. ఒళ్ళో పులిహోర డబ్బా. చుట్టూ ఆటగాళ్ళ తల్లిదండ్రులు. మా వెనక కూర్చున్న పెద్దాయన ‘మీవాడెవరు?’ అనడిగితే, నేను చెప్పేలోపలే అమ్మ వేలెత్తి ఆ బీరువాని చూపించింది. ఆయన అమ్మని చూశాడు, వాణ్ణి చూశాడు, మళ్ళీ అమ్మని చూశాడు. అమ్మ ఆయనకి కూడా పులిహోర పెట్టింది.

ఆట మొదలయ్యాక అమ్మకి చిరాకేసింది. వాళ్ళు గుండ్రంగా చేరి తలలు వంచుకుని మాట్లాడుకుంటారు, విడిపోయి ఒక్క క్షణం కలబడతారు, మళ్ళీ చేరి మాట్లాడుకుంటారు. ‘మంతనాలెక్కువ, పని తక్కువ. మన పంచాయతీ ఆఫీసే నయం’ అంది. మా ఆయన పక్కన కూర్చుని ఓపిగ్గా చెబుతున్నాడు, ‘అదిగో అత్తయ్యా, ఆ గీత దాటితే మనకి పాయింట్లండీ’ అని. అమ్మ ‘అలాగా బాబూ’ అంటోంది. నా పోస్టాఫీసు ఎప్పుడో మూసేశారు.

చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మనవాళ్ళు వెనకబడ్డారు, పుంజుకున్నారు, మళ్ళీ వెనకబడ్డారు. గడియారంలో ఇక క్షణాలే మిగిలాయి. ఒక్కసారి ఆ గీత దాటితే గెలుపు మనది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ గుట్టలోంచి బంతి జారి బయటికొచ్చింది. దొర్లుకుంటూ వెళ్ళి ఎవరి కాళ్ళ దగ్గర ఆగిందనుకున్నారు?

పైపిల్లాడి కాళ్ళ దగ్గర.

వాడు దాన్ని చూశాడు. ఎవరిదో పసిపిల్లని రోడ్డు మీద చూసినట్టు చూశాడు. తర్వాత తీసుకుని, రెండు చేతులా పొట్టకి హత్తుకుని, పరుగెత్తడం మొదలుపెట్టాడు. స్టేడియం మొత్తం లేచింది. అంత లావు మనిషి అలా పరిగెత్తడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వాడు కూడా ఎప్పుడూ చూసుకుని ఉండడు. పులిహోర డబ్బా కిందపడింది. మా అమ్మ, ఎవరి ముందూ గొంతెత్తని మా అమ్మ, బల్ల మీదికెక్కి నిలబడి, ‘పరిగెత్తరా నాయనా! పరిగెత్తరా! వెనక్కి చూడకు!’ అని అరిచింది. ఆ జనంలో తెలుగులో వినిపించిన కేక అదొక్కటే.

గీతకి ఇంకొక్క అడుగుంది. వెనకనుంచి ఇద్దరు వచ్చి వాడి మీద పడ్డారు. వాడు చెయ్యి చాచాడు. బంతి గీతకి ఇవతలే ఆగిపోయింది. గడియారం కూడా ఆగిపోయింది.

మనవాళ్ళు ఓడిపోయారు. అవతలివాళ్ళు మాత్రం గంతులేస్తున్నారు. మా వాడు ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి విరిగింది. అమ్మ మెల్లిగా బల్ల దిగింది.

ఇంటికెళ్ళి బూట్లూ చెప్పులూ విడుస్తున్నప్పుడు అమ్మ అంది, ‘చూశావుగా. చిన్నాచితకా పనులకి నడిచింది. పెద్దపనికి నా ఎదురు పనికిరాదు. వాడి చెయ్యి కూడా పోయింది. నీది పెద్దపని.’ మెట్ల దగ్గర్నుంచి తులసి డబ్బా తెచ్చి ఎండ లేని మా వంటింట్లో పెట్టింది. ఆ సాయంత్రం కన్నం ముందు మళ్ళీ మునివేళ్ళ మీద నిలబడింది. ఆ టీం మీద, ఆ గీత మీద, ఆ ఒక్క అడుగు మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

మర్నాడు ఆదివారం తలుపు చప్పుడైంది. అమ్మ కన్నంలోంచి చూసి గిరుక్కున తిరిగింది. ‘పైపిల్లాడు! చేతికి కట్టుంది. నేను లేనని చెప్పు’ అని వంటింట్లోకి పారిపోయింది.

వాడు మేమ్ కావాలన్నాడు. పడుకుందన్నాను. వంటింట్లో గరిటె చప్పుడైంది. వాడు అటు చూసి, గోడకి వినపడేలా గొంతు పెంచాడు.

‘ఆవిడకి చెప్పండి. నా మీద పడ్డవాడి మోకాలు ఇక్కడ తగిలింది’ అని సిమెంటు కట్టు చూపించాడు. ‘ఇంకాస్త పైకొస్తే ఇక్కడ తగిలేది’ అని మెడ చూపించాడు. ‘అలా తగిలి ఉంటే బతికినా మంచం దిగేవాణ్ణి కాదని డాక్టరే అన్నాడు. మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ ఏడ్చింది. ఆ తల్లి మొహం చూసి వెళ్ళావు కాబట్టే చేత్తో పోయింది, వెంటనే వెళ్ళి కృతజ్ఞత చెప్పి రా అంది.’

‘ఏమంటున్నాడే?’ అని గోడ వెనకనుంచి వచ్చింది.

చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా. ఆ తర్వాత అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది.

‘తలకొచ్చింది తలపాగాతో పోయిందంటాడా?’

‘వాళ్ళమ్మ అందట.’

‘వాళ్ళమ్మ అందా!’ అంది అమ్మ. అల్లుడూ కూతురూ శాస్త్రమూ చెబితే చెవికెక్కనిది, ఎక్కడో దక్షిణాదిన ఉన్న, మొహం చూడని ఆ తల్లి మాటకి తలూపింది. కుడిచెయ్యి కట్టులో ఉంటే పిల్లాడు ఏం తిన్నాడో అని అప్పుడు గుర్తొచ్చింది. కూర్చోబెట్టి, పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, ముద్దలు చేసి నోట్లో పెట్టింది. వాడు నోరు తెరిచి తిన్నాడు. వాడికి ఒక్కో ముద్ద ఏ మూలకీ రాలేదు. ఆ రోజు మాకోసం మళ్ళీ అన్నం వండాల్సొచ్చింది.

కానీ నా సంగతి మాత్రం ఎత్తలేదు. నేనూ అడగలేదు. సతాయించకూడదన్నది ఒప్పందం.

బుధవారం డిఫెన్స్. ముందురోజే మంచు పడింది. నేను గదిలో, తెర మీద వేసి చూపించే ట్రాన్స్‌పరెన్సీలు వరసగా సర్దుకున్నాను. చీర కట్టుకుని, కోటు వేసుకుని హాల్లోకొచ్చాను. అమ్మ లేదు. వంటింట్లో లేదు. బాత్రూం తలుపు మూసుంది, లోపల గడియ పెట్టుంది.

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆ తలుపు ముందు నిలబడి, ‘వెళ్ళొస్తానమ్మా’ అన్నాను. లోపల కుళాయి చప్పుడవుతోంది. ‘నువ్వు వస్తావేమో అనుకున్నాను. పోనీలే’ అన్నాను.

‘నేనే’ అని లోపల్నుంచి మా ఆయన గొంతు వినిపించింది. ‘గడ్డం గీసుకుంటున్నాను. మీ అమ్మగారు ఎప్పుడో బయటికెళ్ళారు.’

పరుగున బిల్డింగ్ తలుపు తోసుకుని బయటపడ్డాను. మంచులో, కాలిబాట చివర, అమ్మ నిలబడి ఉంది. కోతిటోపీ, అన్నయ్య కోటు, మేజోళ్ళ మీద హవాయి చెప్పులు. నన్ను చూడగానే నడక మొదలుపెట్టింది. తలొంచుకోలేదు. తిన్నగా నా మొహంలోకి చూస్తూ, ఒక్కో అడుగూ జాగ్రత్తగా వేస్తూ, నాకు ఎదురొచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు ఉంది.

చెంబులోకి తొంగిచూశాను. ఖాళీ.

‘ఖాళీదే తెచ్చావేమిటే అమ్మా!’ అన్నాను, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

‘నిండుది తేబోయాను. మళ్ళీ వాడికి పనిచేసినదే నీకూ పనిచెయ్యాలి కదా, మార్చడమెందుకని పారబోశాను. మీ శాస్త్రంలో కూడా అంతేగా?’ కోటు జేబులోంచి మూత బిగించిన సీసా తీసింది. ‘ఇదిగో నీళ్ళు. కూర్చోడానికిక్కడ చోటు లేదు. నిలబడే తాగు.’

తాగాను. ఆ చలిలో అవి మంచుగడ్డల్లా ఉన్నాయి. సీసా ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. తాగుతున్నంతసేపూ అమ్మ మొహం చూస్తూనే ఉన్నాను. నాన్న పోయాక ఒక పెద్దపనికి మా అమ్మ మొహం చూసి బయల్దేరడం నాకు అదే మొదటిసారి.

‘ఇక వెళ్ళు. వెనక్కి తిరిగి చూడకూడదు’ అంది.

నాలుగడుగులు వేశాను. ఉండబట్టలేక తిరిగి చూశాను. అమ్మ అక్కడే, దారికి నట్టనడుమ, చెంబుతో నిలబడి ఉంది. ఎవరో ముసలాయన ఎటో పని మీద బయల్దేరి ఎదురుగా వస్తున్నాడు. ఆయన్ని చూసి కూడా అమ్మ పక్కకి తప్పుకోలేదు.

‘చూడొద్దన్నానా, మొండి పిల్లా!’ అని అక్కణ్ణుంచే కేకేసింది.